కారులో స్టీరియో అమర్చుట

ఇంటికి రేడియో తెచ్చుకొనుట పెద్ద పని కాదు. కిటికీ ప్రక్కన ఒక బల్ల, గోడలో ఒక ప్లగ్గు ఉన్న చాలును. తెచ్చిన పూటనే పలుకును. అక్కడ నచ్చనిచో మరునాడు మరొక గదిలోనికి మార్చుకొందుము. కారులో పెట్టు సెట్టు అట్టిది కాదు. అది నిండు సంసారములోనికి వచ్చిన కొత్త కోడలు. అప్పటికే ఆ ఇంట బ్యాటరీ, ఆల్టర్నేటరు, హారను, దీపములు, వైపర్లు ఎవరి పాట్లు వారు పడుచుందురు. వారందరి నడుమ దీనికి చోటు చూపవలెను. చోటు చూపుట అనగా డాష్‌బోర్డులో గూడు చూపుట మాత్రమే అని మనలో చాలమంది అనుకొందురు. నేనును ఒకప్పుడు అట్లే అనుకొంటిని.

కొన్ని ఏండ్ల క్రిందట ఒక పాత కారు కొంటిని. దానితో వచ్చిన కంపెనీ సెట్టు మూగవోయి ఉండెను. ఒక ఊరిలో కారు అలంకారముల అంగడికి తీసికొనిపోయితిని. ఆ ఊరి పేరు, అంగడి పేరు చెప్పుట నా ఉద్దేశము కాదు. అంగడివారు మర్యాదస్థులు; టీ తెప్పించిరి. టీ త్రాగి ముగించునప్పటికి సగము పని అయిపోయెను. అరగంటలో చేటంత తెర గల క్రొత్త సెట్టు డాష్‌బోర్డులో మెరయుచుండెను. వెనుక సీటులో కూర్చున్న మా నాయన మెల్లగా అడిగిరి: “దీంట్లో కడప స్టేషను వచ్చాదా అబ్బీ?” నేను నోరు తెరవక ముందే అంగడి కుర్రవాడు, “అన్నీ వచ్చాయి పెద్దాయనా!” అనెను.

ఆ పిమ్మట కొన్ని వారములకు, మే నెల నడియెండలో, కర్నూలు నుండి కడపకు బయలుదేరితిమి. నంద్యాల దాటితిమి, ఆళ్లగడ్డ దాటితిమి. చాగలమర్రి ఇంక కొంత దూరమున్నదనగా ఏదో మాడిన వాసన వచ్చెను. పొలములో చెత్త కాల్చుచున్నారేమో అనుకొంటిని. మరి రెండు నిమిషములకు డాష్‌బోర్డు సందులలో నుండి సన్నని పొగ లేచెను. కారు ప్రక్కకు ఆపి తాళము త్రిప్పితిని. ఇంజను ఆగినది గాని పొగ ఆగలేదు. అంతకు మించిన భయము నేను ఎరుగను. తాళము తీసిన కారులో ఏది మండుచున్నదో నాకు బోధపడలేదు.

వెనుక వచ్చుచున్న నాపరాళ్ల లారీ ఆగినది. డ్రైవరు దిగి పరుగున వచ్చి, “ముందు పెద్దాయన్ను దింపు సార్! నెగటివు నేను పీకుతా” అనుచు బానెట్ ఎత్తించి, పది నంబరు స్పానరుతో బ్యాటరీ నెగటివు తీగను ఊడదీసెను. పొగ తగ్గినది. మేము నలుగురము చింతచెట్టు క్రింద నిలుచుండి ఒకరి మొగము ఒకరు చూచుకొంటిమి. నాడు ఆ స్పానరు రాకున్నచో నేనిట్లు మీ ముందర మాటలాడుచుండెడివాడను కానేమో.

కారును త్రాడు కట్టి మైదుకూరు చేర్చితిమి. అచ్చట ఒక ముసలి ఆటో ఎలక్ట్రీషియను డాష్‌బోర్డు విప్పి, చేతిదీపము లోపలికి పెట్టి చాలసేపు చూచెను. చూచి, “సెట్టులో తప్పేం లేదు సార్. తీగలు కలిపినోని చేతిలో ఉండాది” అనెను. నాటి సాయంకాలము వరకు ఆయన వద్ద కూర్చుండి నేర్చుకొన్నదే నేటి ప్రసంగమునకు ముఖ్యమైన సరకు. మిగిలినది తరువాత చదివి తెలిసికొన్నది.

కారు రేడియోకు, మంటకు ఉన్న బాంధవ్యము క్రొత్తది కాదు. 1930లో అమెరికాలోని చికాగో నగరమున పాల్ గాల్విన్ అను వర్తకుడు తన కారులో రేడియో అమర్చుకొని అట్లాంటిక్ సిటీలో జరిగిన రేడియో వ్యాపారుల సభకు పోయెను. సభలో అంగడి పెట్టుకొనుటకు సొమ్ము లేక బయట వీధిలో కారు నిలిపి, దారిన పోవువారికి పాట వినిపించెను. ఆ సెట్టుకు పెట్టిన మోటరోలా అను పేరే తరువాత ఆ సంస్థ పేరైనది. ఆయనను గురించి మరియొక కథ చెప్పుచుందురు. అప్పు అడుగబోయిన బ్యాంకు అధికారిని మెప్పించుటకు ఆయన కారులో సెట్టు పెట్టించెనట, అరగంటలో ఆ కారు అంటుకొనెనట, అప్పు పుట్టలేదట. కథలో ఎంత కలిపిరో గాని, నాకు మాత్రము నమ్మకము కలిగినది.

నాటి సెట్లు వాల్వులవి. బ్యాటరీ ఇచ్చు కొద్ది వోల్టులను వందల వోల్టులకు పెంచిన గాని అవి పలుకవు. అందుకై వైబ్రేటరు అను చిన్న యంత్రము లోపల కూర్చుండి తుమ్మెదవలె రొద చేయుచుండెడిది. 1955లో అమెరికాలో ట్రాన్సిస్టర్లతోనే నడుచు కారు రేడియో వెలువడిన తరువాత ఆ బాధ క్రమముగా తొలగినది. నేటి సెట్టునకు బ్యాటరీ ఇచ్చు 12 వోల్టులే చాలును. తక్కువ వోల్టులని అలుసు మాత్రము పనికిరాదు. 12 వోల్టులు ముట్టుకొన్న మనిషిని కొట్టవు. గాని కారు బ్యాటరీ క్షణములో వందల ఆంపియర్లు ఇయ్యగలదు. సెల్ఫు కొట్టునప్పుడు ఇంజనును త్రిప్పునది ఆ బలమే. అదే బలము ఒక సన్నని తీగలోనికి దారి తప్పినచో ఆ తీగ హీటరు కమ్మివలె ఎఱ్ఱబడును.

మా కారులో జరిగినది అదియే. సెట్టు వెనుక నుండి వచ్చు తీగలకు రంగులున్నవి, ఆ రంగులకు అర్థమున్నది. పసుపు తీగ ఎల్లప్పుడును బ్యాటరీతో కలిసియుండవలెను. సెట్టు తన స్టేషనులను, గడియారమును మరువకుండుట దాని వలననే, అసలు శక్తియు దాని గుండానే వచ్చును. ఎఱ్ఱ తీగ తాళము త్రిప్పినప్పుడు మాత్రమే కరెంటు అందుకొని సెట్టును మేలుకొలుపును. నల్లది ఎర్తు. ఈ రంగులు చాల కంపెనీలు పాటించునవే గాని అందరును పాటించునవి కావు. కావున సెట్టు మీది పటము చూచి, మీటరు పెట్టి పరీక్షించుకొని గాని కలుపరాదు. పసుపు, ఎఱ్ఱ తారుమారైనచో ప్రతి ఉదయమును సెట్టు నిన్నటి సంగతులు మరచి లేచును. రెండును కలిపి నేరుగా బ్యాటరీకి తగిలించినచో నాలుగు దినములు ఊరికి పోయి వచ్చునప్పటికి బ్యాటరీ నీరసించి సెల్ఫు అందుకొనదు.

మా అంగడివారు పసుపు తీగను బ్యాటరీ నుండి నేరుగా లాగిరి. అది తప్పు కాదు. దానికి ఫ్యూజు పెట్టకుండుట తప్పు. ఇంజనునకు, మన కాళ్లకు నడుమ ఉన్న ఇనుప గోడలో రంధ్రము చూచి, రబ్బరు గ్రోమెట్టు లేకయే తీగను దూర్చిరి. రోడ్డు మీది ప్రతి గతుకునకు ఆ తీగ ఇనుప అంచుపై రాచుకొని రాచుకొని, కడకు పైతొడుగు తెగి, రాగి ఇనుమును ముద్దు పెట్టుకొనెను. తాళముతో దానికి సంబంధము లేదు కనుక తాళము తీసినను పొగ ఆగలేదు. బ్యాటరీకి జానెడు దూరములో ఒక చిన్న ఫ్యూజు పెట్టియున్నచో అది తాను కాలిపోయి మమ్ములను కాపాడియుండును. కొందరు ఫ్యూజును సెట్టు దగ్గరనే పెట్టి తృప్తి పడుదురు. అది సెట్టును కాపాడును గాని, బ్యాటరీ నుండి సెట్టు దాక వచ్చిన తీగను కాపాడదు. ఫ్యూజు బ్యాటరీ మొగమున ఉండవలెను.

రెండవ తప్పు అతుకులది. తీగలను మెలివేసి నల్ల టేపు చుట్టిరి. మన సీమలో ఆ టేపు ఎన్నాళ్లు నిలుచును? బయట 42 డిగ్రీల ఎండ కాచునప్పుడు తలుపులు మూసిన కారులో ఒక గంటకు 60 దాటుట సాధారణము. ఎండ నేరుగా పడు డాష్‌బోర్డు మీద అంతకన్న హెచ్చు. ఆ వేడికి టేపు జిగురు కరగి బంకయగును, టేపు జారిపోవును, రాగి బయటపడును. పైగా బేతంచెర్ల, బనగానపల్లె దారులలో తిరుగు బండ్లలోనికి రాతిపొడి ఎంత చేరునో ఆ ప్రాంతములవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఆ బంకకు ఆ పొడి అంటుకొని గట్టిపడి ఉండుట నేను కన్నులార చూచితిని. టంకము పెట్టి, పైన వేడికి బిగిసికొను గొట్టము తొడిగినచో అతుకు కారున్నంత కాలముండును. అంతకన్న మేలైనది కప్లరు. మన కారు తీగల గుత్తికి, క్రొత్త సెట్టు తీగల గుత్తికి నడుమ సరిపడు కప్లరు అంగళ్లలో దొరకును. దానిని కొన్నచో కంపెనీ తీగలలో ఒక్కటియు కోయనక్కరలేదు. రేపు కారు అమ్ముకొనునప్పుడు పాత సెట్టు తిరిగి పెట్టుకొనవచ్చును. కప్లరు వెల సెట్టు వెలలో పిసరంత. ఆ పిసరు దగ్గర బేరమాడి కత్తెరకు పని చెప్పువారే హెచ్చు.

గూడు సంగతి త్వరగా చెప్పెదను. జర్మనీవారు నిర్ణయించిన కొలత లోకమంతట చెల్లుచున్నది: వెడల్పు 182, ఎత్తు 53 మిల్లీమీటర్లు. దీనిని ఒక డిన్ అందురు. ఎత్తు దాదాపు రెండింతలైనచో రెండు డిన్‌లు. ఈ కొలతలకు లొంగక వంకరలు తిరిగిన డాష్‌బోర్డు గల కార్లకు ప్రత్యేకముగా ఫ్రేములు దొరకును. ఫ్రేము దొరకనిచో ఆకురాయితో ప్లాస్టిక్కును అరగదీసి ఇరికింప చూడక, మరొక సెట్టు చూచుకొనుట మంచిది. మన ఎండకు ఏండ్ల తరబడి కాగిన ప్లాస్టిక్కు పెళుసుబారియుండును. స్క్రూడ్రైవరుతో కుళ్లగించినచో కొక్కెములు విరుగును, తరువాత ప్రతి గతుకునకు డాష్‌బోర్డు కిటకిటలాడును. పనికి పూనుకొనక మునుపే బ్యాటరీ నెగటివు విప్పుట మరువరాదు. ఎయిర్‌బ్యాగులు గల కార్లలో విప్పిన పిదప కొన్ని నిమిషములు ఊరకుండి గాని చేయి పెట్టరాదు.

ఇక వాట్లు. పెట్టె మీద “50 వాట్లు నాలుగు” అని పెద్ద అక్షరములతో ఉండును. సెట్టు వెనుక చూడుడు. అనేక సెట్లలో 10 ఆంపియర్ల ఫ్యూజు కనబడును. ఇంజను నడుచునప్పుడు 14 వోల్టులు అనుకొన్నను, 14ను 10తో హెచ్చించిన 140 వాట్లే. లోనికి 140 వాట్లకు మించి పోని పెట్టె నుండి బయటికి నిలుకడగా 200 వాట్లు ఎట్లు వచ్చును? మన బావిలో ఊరిన దానికన్న మోటారు ఎక్కువ తోడినట్లే ఈ లెక్క. నిలుకడగా ఒక్కొక్క స్పీకరునకు 20 వాట్ల దరిదాపున అందినచో అది మంచి సెట్టు. కారునకు అది చాలును, నిజమునకు హెచ్చే.

స్పీకరు తీగలలో ఒక మెలకువ కలదు. పాత కార్లలో స్పీకరు ఒక కొస కారు ఒంటికి, అనగా ఎర్తునకు, కలిపిన సందర్భములుండెడివి. నేటి సెట్లలో స్పీకరునకు పోవు రెండు తీగలును బ్రతికినవే. వానిలో ఏ ఒక్కటి ఇనుమునకు తగిలినను లోని ఆంప్లిఫయరు చచ్చును. పాత అంబాసిడరును ముచ్చటపడి బాగు చేయించుకొను మిత్రులు ఇది గుర్తుంచుకొనవలెను. వారికి మరియొక చిక్కును ఉండవచ్చును: 1960ల నడిమి వరకు అనేక ఇంగ్లీషు కార్లలో నెగటివునకు మారుగా పాజిటివునే ఎర్తు చేసెడివారు. పాత కారేదైనను ముందు బ్యాటరీ ఏ కొస ఒంటికి కలిసినదో చూడకుండ నేటి సెట్టు తగిలించినచో ఆ సెట్టు మరి పలుకదు.

స్పీకరు తీగలు తారుమారైనచో ప్రమాదము లేదు గాని పాటలోని లోతు పోవును. ఒక స్పీకరు ముందుకు నెట్టునప్పుడు మరియొకటి వెనుకకు లాగును. మైదుకూరు మేస్త్రి దీనిని గోడగడియారములోని ఒకటిన్నర వోల్టు సెల్లుతో పరీక్షించెను. సెల్లు పాజిటివు స్పీకరు పాజిటివునకు క్షణకాలము తాకించినచో లోని కాగితము ముందుకు ఉబుకును. వెనుకకు పోయినచో తీగలు మార్చవలెను. అంతే. ఈ చిట్కాకు ఖర్చు లేదు.

మా కారులో మూడవ లోపము ఎర్తుది. ఇంజను వేగము పెంచినకొలది స్పీకర్లలో సన్నని ఈల లేచి, వేగముతో పాటు హెచ్చుచుండెడిది. నేను స్టేషనును తిట్టుకొంటిని. అది ఆల్టర్నేటరు కూత. నల్ల తీగను ఏదో స్క్రూ క్రింద రంగు మీదనే నొక్కిరి. మేస్త్రి ఇనుము తళతళలాడు దాక రంగు గీకి, బోల్టు బిగించెను. ఈల సగము చచ్చినది. మిగిలిన సగము ఫోను ఛార్జరుది. సిగరెట్టు లైటరు గూటిలో పెట్టు చౌక ఛార్జర్లు మధ్యతరంగములకు శత్రువులు. అది ఊడదీసిన వెంటనే నిశ్శబ్దమైనది.

మధ్యతరంగములు అన్నాను గదా. మా నాయన అడిగిన ప్రశ్నకు జవాబు ఇచ్చట ఉన్నది. కడప ఆకాశవాణి కేంద్రము 1963లో వెలసినది. దాని మధ్యతరంగ ప్రసారములు 900 కిలోహెర్ట్జులపై దశాబ్దముల తరబడి ఈ రెండు జిల్లాల పల్లెలకు చేరినవి. వానల మాట, పంటల మాట, ధరల మాట మా నాయన తరమువారు దాని నుండియే వినిరి. రేడియోకు తపాలా కచేరీలో లైసెన్సు కట్టిన దినములును వారికి జ్ఞాపకమే. ఎఫ్.ఎం. తరంగములు స్వచ్ఛములు, సంగీతమునకు శ్రేష్ఠములు. గాని అవి ఇంచుమించుగా చూపు మేరనే నడుచును, కొండ అడ్డమైనచో తడబడును. మధ్యతరంగము నేలను అంటుకొని దూరము పోవును. ఎఱ్ఱమలల, నల్లమలల నడుమ ప్రయాణించు కారునకు ఈ భేదము పుస్తకములో చదువనక్కరలేదు, ముల్లు త్రిప్పిన తెలియును. దేశములో పలుచోట్ల మధ్యతరంగ ప్రసారిణులు మూతబడిన మాట నిజము. ఫోనులో ఆకాశవాణిని వినుటకు మార్గము ఉన్నమాటయు నిజము. ఫోను అందని చోట అది మౌనము. కావున సెట్టు కొనునప్పుడు తెర ఎంత అని అడుగుటకు ముందు ఏయే తరంగములు పట్టునని అడుగవలెను. నేడు చేటంత తెర గల చవుక సెట్లలో అనేకములకు ఎఫ్.ఎం. తప్ప మధ్యతరంగము లేదు. మా సెట్టును అట్టిదే. “అన్నీ వచ్చాయి” అన్న కుర్రవానికి ఆ సంగతి తెలిసియుండదు. వానిని ఎవరును అడిగియుండరు.

ఏరియలును గురించి ఒక్క మాట. నేటి కార్ల మీద పొట్టి ఏరియలు ఉండును. దాని మొదట చిన్న ఆంప్లిఫయరు దాగియుండుట కద్దు. దానికి సెట్టు నుండి నీలి తీగ ద్వారా 12 వోల్టులు అందవలెను. ఆ తీగ అనేక అంగళ్లలో టేపు చుట్టుకొని ఊరక వ్రేలాడుచుండును. అప్పుడు దగ్గరి స్టేషను తప్ప మరేదియు పలుకదు. దోషము ఆకాశవాణిపై పడును.

మేస్త్రి నా క్రొత్త సెట్టును వదలుకొమ్మని చెప్పలేదు. “మీ ఇష్టం సార్” అనెను. నేనే దానిని విప్పించి, ఆయన బీరువాలో దుమ్ము పట్టియున్న ఒక డిన్ సెట్టు పెట్టించితిని. తెర లేదు, రెండు బొత్తాములు, ఒక త్రిప్పుడు పిడి. కన్ను రోడ్డు మీదనుండి తీయకయే వ్రేలితో తడవి స్టేషను మార్చవచ్చును. జొన్నలు ఆరబోసిన రోడ్డు మీద, గొఱ్ఱెల మంద అడ్డము వచ్చు చోట, ఈ సౌకర్యము చిన్నది కాదు. గూటిలో మిగిలిన ఖాళీకి ఒక ప్లాస్టిక్కు అర బిగించిరి. మా నాయన కళ్లజోడు ఇప్పుడు దానిలో ఉండును.

చీకటి పడుచుండగా మైదుకూరు విడిచితిమి. ఖాజీపేట దాటిన తరువాత మా నాయన ముందు సీటులో కూర్చుండి పిడిని మెల్లగా త్రిప్పి త్రిప్పి 900 వద్ద ఆపిరి. వ్యవసాయదారుల కార్యక్రమము వచ్చుచుండెను. వేరుశనగ విత్తనమును గురించి ఎవరో చెప్పుచుండిరి. నేను శబ్దము పెంచబోగా ఆయన నా చేయి తొలగించి, “సాలు లే అబ్బీ. ఎనకాల లారీ హారను ఇనపడాల గదా” అనిరి.